నిమ్మపూతకొచ్చే పిట్టలు

పిట్టలొచ్చినాయని చెప్పడానికి ఒక మొగుడు పెండ్లానికి ఫోన్ చేస్తాడంటే ఎవరు నమ్ముతారు? కువైట్‌లో ఇంటి యజమానురాల్ని మామా అనే పిలుస్తాం. ఆ మామా వాళ్ళింట్లో నాతో పాటు పనిచేసే ఫిలిప్పీన్ పిల్ల ససేమిరా నమ్మేది కాదు. ఫోన్ మోగితే నేను వంటింటి మూలకు పోయి, గొంతు తగ్గించి మాట్లాడి, నవ్వుకుంటా వచ్చేదాన్ని. "ఏమన్నాడు, ఏమన్నాడు" అని ఆ పిల్ల కన్ను గీటేది. "పిట్టలొచ్చినాయంట" అని నాకొచ్చిన అరబ్బీలో చెప్తే, నేనేదో దాస్తాండానని మూతి తిప్పుకొని పోయేది.

నిజంగా అదే చెప్పేవాడు ఆయప్ప.

మా ఆయన పేరు రామాంజనేయులు. పులివెందుల కాడ చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో పుట్టి, ఆ తోటల్లోనే కావలి కాసి, నీళ్ళు కట్టి పెరిగిన మనిషి. వానల్లేక చీనీ చెట్లు ఎండిపోతే కువైట్‌కు వచ్చినాడు. వచ్చినా చెట్లు ఆయన్ని వదల్లేదు. వఫ్రాలో అబూ ఫహద్ అనే ఒక పెద్దాయనకు తోట ఉంది. ఆయనే మా ఆయనకు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని. అక్కడ నిమ్మ, దానిమ్మ, రేగు, ఖర్జూరం చెట్లకు నీళ్ళు కట్టేది, కొమ్మలు కత్తిరించేది, పురుగు చూసేది మా ఆయన పని. నేనేమో రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో వంట, ముసలామె సేవ. ఇద్దరమూ ఒకే దేశంలో ఉండామన్న మాటే గాని, నడుమ గంటన్నర దోవ. ఇంట్లో విందులు లేని శుక్రవారం మామా సెలవిస్తేనే మేము మొగుడూ పెండ్లాం.

మాకు పిల్లలు లేరు. అడిగేవాళ్ళు కూడా అడగడం మానేసి చాన్నాళ్ళయింది.

ఆ యేడు చలి పోయీ పోకముందే ఫోన్ చేసినాడు.

"ఏమే రెడ్డెమ్మా, వచ్చినాయే!"

"అప్పుడేనా?"

"నిమ్మ పూసింది కదా, ఇంగెందుకు ఆగుతాయి? ఈసారి జంట కాదు, శానా ఉండాయి. శుక్రారం రా. రంజాన్ మొదలైతే మీ మామా నిన్ను పంపదు."

ఆ మాట నిజమే. రంజాన్ నెలంతా వంటింట్లో నుంచి తల బయట పెట్టే తీరిక ఉండదు. మామాను బతిమాలుకొని, మూడు రోజుల పనిని ముందే చేసిపెట్టి, ఆ శుక్రవారం బయలుదేరినాను.

మా రాయచోటి అబ్దుల్ ఖుద్దూస్‌కు టాక్సీ ఉంది. వఫ్రా పొయ్యే మనోళ్ళందరినీ ఆయనే తీసుకపోతాడు. నన్ను చూస్తానే, "అక్కా, ఈసారి బావ ఏం చూపిస్తాడంట?" అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉండాది."

"నవ్వులాట కాదక్కా. నేను ఇంటికి ఫోన్ చేస్తే గ్యాస్ అయిపోయింది, పిల్లోనికి జొరం, మోటరు కాలిపోయింది, ఇవే మాటలు. బావ ఫోన్ చేసి పిట్టల కతలు చెప్తాడంటే నాకు కుళ్ళుగా ఉండాది."

ఇసకలో పోయి పోయి, ఇంగ ఇసక తప్ప లోకంలో ఏమీ లేదనుకునేటప్పుడు ఆ వాసన తగుల్తాది. నిమ్మపూత వాసన. కారు అద్దం దించితే ముఖాన కొట్టింది. గేటు కాడనే నిలబడుకొని ఉండాడు మా ఆయన. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. చేతిలో సంచి కూడా తీసుకోకుండా, "రా, రా, ఎండెక్కితే నీడకు పోతాయి" అని చెయ్యి పట్టుకొని ఈడ్చకపోయినాడు.

నిమ్మచెట్ల నడుమ ప్లాస్టిక్ బుట్ట ఒకటి బోర్లేసి పెట్టినాడు. నన్ను దానిమీద కూచోబెట్టి, ఆయన పక్కన మట్టిలో చతికిలబడినాడు.

"కదలొద్దు. కొమ్మల్ని చూడొద్దు. పూల గుత్తి ఒకటి పట్టుకొని దాన్నే చూస్తాండు."

చూస్తా కూచున్నాను. తేనెటీగల రొద తప్ప ఏమీ లేదు. అంతలో ఒక పూగుత్తి ఊగింది. గాలి లేదు, ఆ ఒక్క గుత్తే ఊగింది. దాని కింద బొటనవేలంత పిట్ట. నల్లగా ఉండాదనుకున్నాను. అది ఎండలోకి తిరిగేసరికి మెడ కాడ నీలం, రొమ్ము మీద ఊదా రంగు, నిగనిగా మెరిసింది. వంకర ముక్కు పూవు లోపలికి పెట్టి, రెక్కలు కొట్టుకుంటా గాలిలోనే నిలబడింది. కన్ను మూసి తెరిచేలోపల ఇంకో కొమ్మ మీద ఉంది.

"తేనెపిట్ట" అన్నాడు, ఏదో తనే చేసి చూపిస్తాండట్లు. "మన చీనీ తోటల్లో ఉండేదే. మగది అది. పెంటి అదిగో, పసుపుగా, ఆ ఎండుకొమ్మ కాడ."

"ఇంత పిట్ట యాడ నుంచి వస్తాదబ్బా ఈ ఇసకలోకి?"

"ఎవురికి తెల్సు? పూత మొదలైతే వస్తాయి, పూత రాలితే పోతాయి. ఎప్పుడొస్తాయో నాకు తెల్సు, యాడికి పోతాయో తెలీదు."

ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకున్నాను. తర్వాత మామా కూతురికి చూపిస్తే, ఇంగ్లీషు బడిలో చదివే పిల్ల కదా, "హమ్మింగ్‌బర్డ్!" అని ఎగిరింది. మళ్ళా ఆ పిల్లే ఫోన్‌లో ఏదో వెతికి, కాదంట, ఆ పిట్టలు అమెరికాలోనే ఉంటాయంట, ఇది దాని మాదిరి ఉండే ఇంకోటంట అనింది. మా ఆయనకు చెప్తే, "ఏ దేశంలో ఏం పేరైతే మనకెందుకే, మనకు ఇది తేనెపిట్ట" అని నవ్వినాడు.

ఆ పొద్దు ఆయన రూములో సంగటి గెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టినాను. తింటా తింటా చెప్పినాడు.

"ఈ యాడాదికి ఖలాస్ చేసుకొని పోదామే. మా చిన్నాయన చీనీ తోట గుత్తకిస్తానంటాండాడు. బోరులో నీళ్ళు పడినాయంట. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి ఎన్నేండ్లయింది?"

"నా కంట్రాక్టు అయిపోలేదు కదబ్బా."

"మామాను అడుగు. వేరే మనిషిని చూసుకోమను. అడిగితే తప్పేముంది?"

"పండగైనాక అడుగుతా" అన్నాను.

అప్పుడే దూరంగా ఠప్, ఠప్ అని చప్పుళ్ళు. ఆయన ముద్ద ఆపినాడు.

"ఏం చప్పుడది?"

"పక్క తోటలో గువ్వల్ని కాలుస్తాండారు. ఎండలు ముదిరితే పై దేశాలకు పొయ్యే పిట్టలన్నీ ఇట్లనే పోతాయి. చెట్లు ఈడనే ఉండాయి కదా, దిగుతాయి. అవి దిగితే వీళ్ళు వస్తారు. పండగ సెలవులకు మన కాడికీ వస్తారులే, కఫీల్ కొడుకు ఫహద్, వాని జతగాళ్ళు."

"ఈ తేనెపిట్టల్ని కూడా కాలుస్తారా?"

"దీంట్లో ఏముంది కాల్చడానికి?" అన్నాడు గాని, మిగిలిన ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

రంజాన్ వచ్చింది. నాకు పొద్దు తెలీకుండా పోయింది. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పటికి బల్ల నిండా గిన్నెలు ఉండల్ల. ముసలామెకు వేరే గంజి. చుట్టాలు వచ్చేవాళ్ళు, పొయ్యేవాళ్ళు. మా ఆయన ఫోన్ చేస్తే చెవికీ భుజానికీ నడుమ పెట్టుకొని, ఉల్లిగడ్డలు తరుగుతా వినేదాన్ని. మొదట్లో తేనెపిట్టల మాటలే. దానిమ్మ కూడా మొగ్గ తొడిగిందంట, అవి నిమ్మ వదిలి దానిమ్మకు పోతాండాయంట. నెల నడిమికి వచ్చేసరికి గొంతు మారింది.

"పాలపిట్టలొచ్చినాయే" అన్నాడొకనాడు. "మనూర్లో దసరాకు చూస్తే మంచిదని ఊరంతా ఎతుక్కుంటాం చూడు, ఆ మాదిరివే. ఈడ తీగల మీద వరసగా కూచున్నాయి. ఫహద్ జతగాళ్ళొచ్చి కాల్చినారు. తింటారా అంటే తినరు. ఇసకలో వరసగా పేర్చి, ఫోటో తీసుకొని, ఆడనే పారేసి పోయినారు. నేనే గుంత తీసి పూడ్చినా."

"ఊరికే ఉండబ్బా. వాళ్ళ తోట, వాళ్ళ తుపాకీ."

"వాళ్ళ పిట్టలు కాదు కదా" అన్నాడు.

మరి రెండు రోజులకు ఇంకో మాట తెలిసింది. వాళ్ళ బండ్లు గేటు కాడ కనపడితే చాలు, ఈయప్ప నూనె డబ్బా ఒకటి కట్టెతో దడదడా కొట్టుకుంటా తోటంతా తిరగడం మొదలుపెట్టినాడంట. పిట్టలన్నీ లేచి పోతాయి. వాళ్ళు తుపాకులు పట్టుకొని ఖాళీ చెట్ల కింద నిలబడతారు. ఇది నాకు చెప్పింది తోట మేస్త్రీ మునాఫ్. కడప మనిషి, కఫీల్‌కు నమ్మకస్తుడు.

"అక్కా, నువ్వన్నా చెప్పు" అన్నాడు ఫోన్‌లో. "ఫహద్‌కు కోపం వచ్చింది. పెద్దాయన మంచోడే, కాదనను. కొడుకంటే ఆయనకు ప్రాణం. పని పోగొట్టుకుంటాడు మీ ఆయన."

నేను చెప్పినాను. గట్టిగానే చెప్పినాను. ఆయన విన్నాడు.

"ఊరికే ఉంటే నాకు అన్నం దిగడంలేదే" అన్నాడు. "సరేలే. ఇంగ కొట్టను."

కొట్టలేదు కూడా. మాటంటే మాటే ఆయనకు.

ఆ యేడు ఉగాదీ, వీళ్ళ పండగా ఒక్క రోజే వచ్చినాయి. మామా ఇంటినిండా చుట్టాలు. ఆ వారం చివర్న శుక్రవారం సెలవు దొరికింది. ఓళిగలు చేసుకొని, గుడ్డలో మూట గట్టుకొని ఖుద్దూస్ కారెక్కినాను. సెలవుల కాలం కదా, మామా మనసు మెత్తగా ఉండాది, వచ్చినాక కంట్రాక్టు సంగతి అడగల్ల అనుకుంటా పోయినాను.

గేటు లోపల పెద్ద బండ్లు నిలబడి ఉండాయి. ఖర్జూరపు చెట్ల కాడ గుడారం వేసినారు. పాటలు, నవ్వులు, మాంసం కాల్చే పొగ, నడుమ నడుమ తుపాకీ చప్పుళ్ళు.

"మనకేం, వాళ్ళు ఆ పక్క ఉంటారు" అన్నాడు మా ఆయన. "రా, పూత ఐపోయింది. ఒక జంటే మిగిలింది. రేపో ఎల్లుండో అవీ పోతాయి."

నిజంగానే చెట్ల కింద నేలంతా పూరెక్కలు రాలి, వాడి, గోధుమరంగుకు తిరిగి ఉండాయి. గోళీలంత పిందెలు పడినాయి. ఏదో ఒక కొమ్మకు, ఆలస్యంగా పూసిన గుత్తి. ఆ గుత్తుల్లో వెతుకుతాండాం ఇద్దరమూ.

"అదిగో" అన్నాడు.

"యాడ?"

"ఆ నడిమి కొమ్మ... కాదే, దాని పైది. తలకిందులుగా వేలాడతాంది చూడు."

"కనపడలేదబ్బా."

"నీకు కండ్లు యాడుండాయే!" అని నవ్వుతా లేచినాడు. రెండడుగులు ముందుకు పోయి, చెట్టు కిందికి వంగి దూరి, మళ్ళా నిలబడి, చెయ్యి పైకెత్తినాడు. "నా వేలు చూడు. వేలెమ్మటే పైకి పో."

పోయినాను. వేలు చివర, రెండాకుల నడుమ, ఊదా రంగు తళుక్కుమనింది.

"కనపడింది! కనపడింది!" అన్నాను.

చప్పుడైంది. వచ్చినప్పటి నుంచీ వింటాండే చప్పుడే. చెట్టు మీద నుంచి ఆకులు జలజలా రాలినాయి. కొమ్మ చివర్న కూచోనుండిన గువ్వలు రెండు లేచిపోయినాయి. మా ఆయన చెయ్యి దించి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కంట్లో ఏదో పడిందే" అన్నాడు. "నీళ్ళు తే."

నేను నీళ్ళకు తిరిగినాను. చెట్ల వరస చివర్న ఫహద్ నిలబడి ఉండాడు. ఇరవై యేండ్లు ఉంటాయేమో, చిన్న గడ్డం. చేతిలో తుపాకీ ఇంకా పైకే ఉంది. నన్ను చూసినాడు. నేను వాణ్ణి చూసినాను.

నేను కుళాయి కాడికి పోయి చెంబు నిండా నీళ్ళు పట్టుకొచ్చినాను. కంట్లో నలుసు పడితే కడుక్కుంటారే, అట్ల కడుగుతాడనుకున్నాను. నేనొచ్చేసరికి ఆయన కూలబడి ఉండాడు. వేళ్ళ సందుల్లో నుంచి నెత్తురు మోచేతులదాకా కారింది.

మునాఫ్ బండి తోలినాడు. వెనక సీట్లో మా ఆయన తల నా ఒళ్ళో పెట్టుకొని, నా చున్నీతో ముఖం కప్పి కూచున్నాను. ఆయన నొప్పి అని కూడా అనలేదు. పళ్ళు గట్టిగా కరిచి పట్టుకొని ఉండాడు. సగం దోవ దాటినాక మునాఫ్ అద్దంలో నన్ను చూస్తా మొదలుపెట్టినాడు.

"అక్కా, నా మాట ఇను. ఆస్పత్రిలో పోలీసులొస్తారు. తుపాకీ దెబ్బ అంటే రాకుండా ఉండరు. కంచె అవతల్నుంచి, ఎడారిలో నుంచి ఎవురో కాల్చినారని చెప్పండి. ఎవురో తెలీదని చెప్పండి."

"ఎందుకు చెప్పల్ల? నా కండ్లతో చూసినా."

"చూసినావు. చూసినానని చెప్తే ఏమైతాదో తెల్సా? నువ్వు ఆ తోటలో ఎందుకున్నావని అడుగుతారు. నీ ఇఖామా, ఈడ ఉండేదానికిచ్చే కార్డు, ఆ ఇంటి పేరు మీద ఉండాది. మీ మామాను పిలుస్తారు. ఆమె భయపడి, నాకు తెలీకుండా పోయింది, పారిపోయిందని రాసిచ్చిందనుకో, నిన్ను లోపలేస్తారు. లోపల్నుంచి నేరుగా విమానం ఎక్కిస్తారు. ఈయన ఆస్పత్రిలో పడుంటే చూసేదెవురు? పెద్దాయన అన్నీ చూసుకుంటాడు. నేను మాట్లాడతా. నేనూ కడపోన్నే అక్కా, మీకు చెడు కోరుకుంటానా?"

"నేను చెప్తా" అన్నాను. "ఏమన్నా కానీ. చెప్తా."

నా ఒళ్ళో ఆయన తల కదిలింది.

ఆస్పత్రిలో ఆయన్ని లోపలికి తీసుకపోయి, చానాసేపటికి బయటికి తెచ్చినారు. రెండు కండ్లకూ కట్టు. ఆవగింజలంత సీసం గుండ్లు, ముఖమంతా ఉండాయన్నారు. అక్కడ షైని అని ఒక నర్సు. గోదావరి జిల్లా పిల్ల, మెళ్ళో సన్న సిలువ. మేము తెలుగోళ్ళమని తెలిసి మా దగ్గరే నిలబడింది. పోలీసాయన వచ్చినప్పుడు అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది కూడా ఆ పిల్లే.

పోలీసాయన నన్నే ముందు అడిగినాడు. నేను చెప్పినాను. నిమ్మచెట్టు, పిట్ట, చప్పుడు, వరస చివర నిలబడిన అబ్బి, వాని పేరు, వాని చేతిలో తుపాకీ. ఒక్కటీ దాచలేదు. షైని ఒక్కో మాటా అరబ్బీలో చెప్తాంటే పోలీసాయన తల ఊపుతా విన్నాడు. తర్వాత మంచం వైపు తిరిగి ఏదో అడిగినాడు.

"మీరు కూడా చెప్పాలంటండీ" అంది షైని. "ఎవరు కాల్చారో చూశారా అంటున్నారు."

మా ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"కంచె అవతల్నుంచి వచ్చింది" అన్నాడు. "ఎవురో చూడలేదు."

"మీ ఆవిడేమో..."

"ఆమె రూములో వంట చేస్తాండింది. ఆమె ఏం చూడలేదు. నా మీద ప్రేమతో చెప్తాంది. రాసుకోవద్దని చెప్పమ్మా."

షైని నా వైపు చూసింది. ఆ పిల్ల కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఏం చెప్పల్లో తెలీక, నేను ఏమన్నా అంటానేమోనని ఆగింది. నేను మా ఆయన కండ్ల మీది కట్టునే చూస్తా నిలబడినాను. పోలీసాయన రెండోసారి అడిగినాడు. అప్పుడా పిల్ల తల వంచుకొని, మా ఆయన చెప్పింది చెప్పినట్లు అరబ్బీలో చెప్పింది.

పోలీసాయన నన్నొకసారి ఎగాదిగా చూసి, దెబ్బ తిన్నోని మాటే రాసుకొని పోయినాడు.

కుడికన్ను ఆ రాత్రే తీసేసినారు. ఎడమకన్నుతో వెలుతురు తెలుస్తాదేమో చూద్దామన్నారు. వారం రోజులు తెలిసింది. కిటికీ ఎటుందో చెప్పేవాడు. తర్వాత అదీ పోయింది.

అబూ ఫహద్ ఒక్కసారి వచ్చినాడు. పెద్ద మనిషి, నెరిసిన గడ్డం. మంచం కాడ కూచోని మా ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకొని ఏడ్చినాడు. దొంగ ఏడుపు కాదది, నాకు తెలుస్తాది. "నువ్వు నా ఇంటి గౌరవం నిలబెట్టినావు" అన్నాడంట, మునాఫ్ చెప్పినాడు. ఇంటికి పంపే కాగితాలు, పెద్ద డాక్టర్లు, అన్నీ తానే చూసుకుంటానన్నాడంట. వెనక ఫహద్ రాలేదు. చదువుకోవడానికి ఏదో దేశం పంపించేసినారంట అప్పటికే. ఆయన పోయినాక బల్లమీద ఖర్జూరాల పెట్టె మిగిలింది. ఎవరమూ తెరవలేదు.

మామా నన్ను శుక్రవారం శుక్రవారం పంపేది. వార్త విన్నప్పుడు "మిస్కీన్, మిస్కీన్", పాపం పాపం అని గుండెలమీద చెయ్యి పెట్టుకుంది. నేను కూడా ఆయనతో పాటు ఇంటికి పోతానంటే మాత్రం ముఖం తిప్పుకుంది. "నువ్వు పోతే మా అమ్మను ఎవరు ఎత్తుతారు? ఇంకో మనిషి దొరికేదాకా లేదు. కంట్రాక్టు నీకు తెల్సు కదా" అనింది. మళ్ళా రెండు రోజులకు అడిగినాను. మళ్ళా అదే మాట. మూడోసారి అడిగితే, నా పాస్‌పోర్టు పెట్టిన అల్మారా తాళం మార్చింది. నేను చూస్తాండంగనే మార్చింది, చూడల్లనే మార్చింది.

ఒక శుక్రవారం మా ఆయనకు గడ్డం గీస్తా ఉండలేక అడిగేసినాను.

"ఎందుకట్ల చెప్పినావు?"

"ఎట్ల?"

"నేను అబద్ధం ఆడినట్లు చేసినావు నలుగురిలో."

"నిన్ను లోపలేస్తే?" అన్నాడు. "కండ్లు లేనోన్ని, నువ్వు యాడుండావో ఎట్ల ఎతుకుదును?"

"వెయ్యనీ. వాని పేరన్నా రాసుండేవాళ్ళు కాగితం మీద."

"రాస్తే నాకు చూపొస్తాదా?"

కత్తి పక్కన పెట్టినాను. "నేను చూసినాను" అన్నాను. "వాణ్ణి చూసినాను. ఇప్పుడు నేను చూసింది ఏం చేసుకోవల్ల?"

సగం గీసిన గడ్డంతో, తల గోడకు ఆనించుకొని ఉండాడు. తర్వాత నింపాదిగా అన్నాడు, "నీ కాడనే పెట్టుకో. నాకు చెప్పాకు."

అంతకు ముందు ఎప్పుడూ నాతో అట్ల మాట్లాడలేదు. ఆ పొద్దు నుంచి మాటలు తగ్గిపోయినాయి. ఫోన్ చేస్తే ఊ అనేవాడు, ఆ అనేవాడు. తిన్నావా అంటే తిన్నా అనేవాడు. ఒకప్పుడు ఫోన్ పెట్టెయ్యమంటే పెట్టేవాడు కాదు. ఇప్పుడు నేను మాట్లాడతాండంగనే షైనికి ఇచ్చేసేవాడు.

"అన్నయ్యగారు పడుకున్నారండి" అనేది ఆ పిల్ల. అబద్ధమని నాకు తెలిసిపొయ్యేది. పాపం, ఆ పిల్లకు మా వల్ల ఎన్ని అబద్ధాలు!

ఆయన బట్టలు తెచ్చుకోవడానికి వఫ్రాకు ఒకసారి పోవాల్సి వచ్చింది. మునాఫ్ రూము తాళం తీసి బయట నిలబడినాడు. రెండు చొక్కాలు, దుప్పటి, గెలికే కట్టె, ఎసరు గిన్నె. సర్దడానికి ఎంతసేపు? వచ్చేటప్పుడు నిమ్మచెట్ల పక్కనుంచే రావల్ల. చెట్లకు పూవనేది లేదు. పచ్చికాయలు గుత్తులుగా దిగి, కొమ్మలు వంగి ఉండాయి. నీళ్ళు కట్టేదానికి కొత్త మనిషిని పెట్టుకున్నారు. నేపాల్ అబ్బి, చెవుల్లో పాటలు పెట్టుకొని పైపు పట్టుకొని ఉండాడు. ఏ చెట్టు మీదా పిట్ట లేదు. అవి పొయ్యేటప్పుడు ఎవరన్నా చూసినారో లేదో.

"ఆ జంట పోయినాయా?" అని మా ఆయన అడుగుతాడేమో, ఏం చెప్పల్ల అని దోవంతా అనుకుంటానే వచ్చినాను. ఆయన అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.

మే నెలలో మా ఆయన్ని ఇంటికి పంపించేసినారు. కాగితాలన్నీ చకచకా ఐపోయినాయి. అబూ ఫహద్ మాట నిలబెట్టుకున్నది ఆ ఒక్క విషయంలోనే. పెద్ద డాక్టర్లు, వేరే దేశంలో వైద్యం, ఆస్పత్రిలో అన్న మాటలేవీ మళ్ళా వినపడలేదు. పెద్దాయనకు ఫోన్ చేస్తే మునాఫే ఎత్తేవాడు. "యల్లా అక్కా, మాట్లాడతాను" అనేవాడు. చివరికి వాడూ ఎత్తడం మానేసినాడు.

విమానాశ్రయానికి ఖుద్దూసే తీసుకపోయినాడు. బావా అని ఖుద్దూస్ పిలిచింది దిగేటప్పుడే. మా ఆయనకు నల్లద్దాలు పెట్టి, ఉతికిన చొక్కా తొడిగి, తల దువ్వినాను. మద్రాసులో వాళ్ళ తమ్ముడొచ్చి పిల్చుకపోతాడు. మామా రెండు గంటలే సెలవిచ్చింది, సాయంత్రం చుట్టాలొస్తారని.

లోపల ఒక కుర్రోడు చక్రాల కుర్చీ తెచ్చినాడు. ఆయన్ని కూచోబెట్టి, సంచి ఒళ్ళో పెట్టి, టికెట్టు, పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టి, జేబు మీద ఆయన చెయ్యి ఆనించినాను.

"ఈడుండాయి. ఎవురడిగినా ఈడనుంచి తియ్యి."

"ఊ."

"మాత్రలు పక్క జేబులో."

"ఊ."

"మామాకు మనిషి దొరకంగనే వచ్చేస్తా. నాలుగు నెలలో, అయిదు నెలలో."

ఆయన తల ఊపినాడు. నేను చెప్తాండేది ఆయనా నమ్మలేదు, నేనూ నమ్మలేదు. నా చేతిని వెతుక్కొని పట్టుకున్నాడు. ఆస్పత్రిలో ఆ మాటన్న పొద్దు నుంచి ఆయనంతట ఆయన నన్ను ముట్టుకోవడం అదే. ఏదో చెప్పబోయినాడు. కుర్రోడు "యల్లా, యల్లా" అన్నాడు. వెనక ఇంకో కుర్చీ ఉండాది, ఇంకెవరో ముసలాయన. చెయ్యి వదిలేసినాడు.

పంపడానికొచ్చినోళ్ళు దాటకూడదని గీసిన గీత కాడనే నన్ను నిలబెట్టేసినారు. కుర్చీ దొర్లుకుంటా పోయింది. సామాన్లు తనిఖీ చేసే కాడ ఒక మలుపు ఉండాది. కుర్రోడు కుర్చీని అటు తిప్పినాడు, మళ్ళా జనం అడ్డమొస్తే ఇటు తిప్పినాడు. ఎటు నుంచి ఎటు తిరిగినాడో ఆయనకు ఎట్ల తెలుస్తాది? మలుపు కాడికి పోయినాక, కుర్రోన్ని ఆగమని, చెయ్యెత్తి ఊపినాడు.

నా వైపు కాదు. గీతకు ఈ పక్కనే, అటు చివర కాఫీ అంగడి ఉంది, దాని వైపు. ఆడ ఎవరూ లేరు. నవ్వడానికి ప్రయత్నం చేస్తా, ఆ ఖాళీ జాగాకు చెయ్యి ఊపుతానే ఉండాడు.

నేను పరిగెత్తినాను. సామాన్ల బండ్లను నెట్టుకుంటా, ఎవరో తిడతాంటే వినకుండా, పరిగెత్తిపోయి ఆ అంగడి ముందర, ఆయన చెయ్యికి ఎదురుగా నిలబడి, నేను కూడా చెయ్యెత్తినాను.